ఒర్టేలియస్ ఎరిత్రేయన్ సముద్రం పటం: కొనేముందు ఏం చూడాలి, తిరుపతి ఎండకీ వానకీ ఎలా దాచాలి?

బైరాగిపట్టెడ_77:

గ్రీకులు, రోమన్లు ఎరిగిన ప్రపంచాన్ని చూపించే అచ్చు పటాలు సేకరించాలనుకుంటున్నాను. 16 నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో అచ్చయినవి. ప్రస్తుతం ఒకదాని మీద కన్ను పడింది: 16వ శతాబ్దపు పటకర్త ఒర్టేలియస్ వేసిన "ఎరిత్రేయి సివే రుబ్రి మారిస్ పెరిప్లుస్" (ఎరిత్రేయన్ సముద్రం అంటే ప్రాచీనులు మన హిందూ మహాసముద్రానికి పెట్టిన పేరు). మన పడమటి తీరం, తూర్పు తీరం, అరేబియా, ఆఫ్రికా అన్నీ అందులో ఉన్నాయి.

అమ్మే ఆయన యూరప్‌లో ఉన్నాడు. ఆయన ఇచ్చిన వివరాలు: 1597, రాగి రేకు చెక్కడం, చేత్తో వేసిన రంగులు, సుమారు 36 × 47 సెం.మీ. ముందువైపు ఫొటోలు రెండే పెట్టాడు. కాగితం అంతటా ఒకేలా లేత గోధుమ రంగు. నడిమి మడత కనిపిస్తోంది. వెనకవైపు ఫొటో లేదు. మన డబ్బులో 60 వేల దాకా, పోస్టు ఖర్చు వేరే.

తెలిసినవాళ్లు వీటికి జవాబివ్వండి:
డబ్బు పంపకముందే, ఫొటోలతోనే అసలుదో నకలో ఎంతవరకు తేల్చుకోవచ్చు?
తిరుపతిలో ఫ్రేమ్ కట్టించడం, వానాకాలంలో భద్రం చేయడం ఎలా?
కస్టమ్స్, పురావస్తువుల చట్టం సంగతేంటి?
ఇది కాకపోతే ఇదే డబ్బుతో ఇంకేం కొనొచ్చు?


రాగిరేకు:

ముందు వెనకవైపు ఫొటో అడగండి. ఒర్టేలియస్ పటాల్లో ముఖం కంటే వీపే ఎక్కువ చెప్తుంది.

ఆయన "థియాట్రుమ్ ఆర్బిస్ టెర్రారుమ్" 1570లో వచ్చింది. ప్రాచీన ప్రపంచం పటాలు "పరెర్గాన్" అనే అనుబంధంగా 1579 నుంచి చేరుతూ వచ్చాయి, చివరి కూర్పు 1624ది. ఈ అట్లాసుల్లో పటం వెనక దాని వివరణ అచ్చేసి ఉంటుంది. ఎక్కువగా లాటిన్, కొన్ని కూర్పుల్లో ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ లాంటివి. కూర్పు మారినప్పుడల్లా అక్షరాలు మళ్లీ కూర్చారు కాబట్టి పేజీ నంబరు, అడుగున ఉండే సిగ్నేచర్ అక్షరం (బైండింగులో కాగితాల వరస తప్పకుండా వేసే గుర్తు), చివరి వరుసలో మాటలు మారిపోతాయి. ఆ మూడూ చదవగలిగితే మీ కాగితం ఏ ఏడాది అచ్చయిందో తేలుతుంది. 1597 అనేది రేకు చెక్కిన సంవత్సరం. ఆ రేకు మీద 1624లో తీసిన కాగితాన్ని కూడా "1597" అనే అమ్ముతారు. మోసం కాదు గానీ, ధర దగ్గర అడగాల్సిన సంగతి.

వెనక ఖాళీగా ఉంటే అనుమానించండి. ఆధునిక నకలు కావచ్చు. ఇంకో కాగితానికి అంటించి ఉండొచ్చు. లేదా వేరే ప్రచురణకర్త మళ్లీ చెక్కించింది కావచ్చు: 17వ శతాబ్దం మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్‌సోనియుస్ ప్రాచీన పటాలను కొత్త రేకుల మీద చెక్కించి అట్లాసు వేశాడు. అవీ పాతవే, మంచివే, కాకపోతే ఒర్టేలియస్‌వి కావు. మీరు చూస్తున్న పటంలో యులిసిస్ తిరుగుళ్లు, కార్తేజ్ నావికుడు హన్నో ప్రయాణం విడి గళ్లలో ఉండాలి. అవి లేకపోతే పటమే వేరు.

ఇప్పుడు అచ్చు సంగతి. 10 రెట్ల భూతద్దం కింద ఒక ఊరి పేరు, పక్కన కొంచెం సముద్రపు గీతలు వచ్చేలా దగ్గరి ఫొటో అడగండి. రాగి రేకు మీద ఉలితో గీసిన గీత చివర సూదిమొనలా సన్నబడుతుంది. సిరా కాగితం మీద పిసరంత ఉబ్బి ఉంటుంది, లావు గీతల్లో చిక్కగా, సన్న గీతల్లో పలచగా. ఆఫ్‌సెట్ నకలైతే నాలుగు రంగుల చుక్కలు గుండ్రంగా పూలలా పేర్చినట్టు కనిపిస్తాయి, ఇక చూడాల్సిందేం లేదు. నలుపు ఒక్కటే ఆఫ్‌సెట్‌లో వేసి రంగు చేత్తో పూసినవి ఉన్నాయి, వాటితోనే తంటా. వాటిలో చుక్కలు ఉండవు, కానీ గీతలన్నీ ఒకే నలుపు, తాకితే చదునుగా ఉంటాయి. కొలోటైప్ నకళ్లలో చుక్కలకు బదులు ముడతల్లాంటి సన్నని గింజ కనిపిస్తుంది.

గదిలో దీపాలు ఆర్పి, టార్చి కాగితానికి పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వేసి ఇంకో ఫొటో తీయమనండి. అచ్చుయంత్రం ఒత్తిడికి రేకు అంచు కాగితంలో దిగిన గాడి, అదే ప్లేట్‌మార్క్, పటం చుట్టూ నాలుగు వైపులా కనబడాలి. నకళ్లకు దొంగ గాడి కొడతారు కాబట్టి ఇదొక్కటే చూసి నమ్మొద్దు. గాడి అసలుదైతే వెనకవైపు కూడా ఉబ్బు తెలుస్తుంది. అక్షరాల దగ్గర కూడా కాగితం కాస్త లోపలికి లాగినట్టుంటుంది.

తర్వాత కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్న ఫొటో. అప్పటి కాగితం తీగల అచ్చులో చేత్తో ఎత్తింది. దగ్గర దగ్గరగా సన్న చారలు, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చెయిన్ లైన్లు కనిపిస్తాయి. అదృష్టం ఉంటే వాటర్‌మార్క్ కూడా. చారలేవీ లేని నునుపైన "వోవ్" కాగితం పుస్తకాల్లోకి వచ్చింది 1757లో, ఎక్కువగా వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దం చివర. 1597 పటం వోవ్ కాగితం మీద ఉంటే అది నకలే. ఈ పరీక్ష తిరగబడదు సుమా: చారల కాగితం ఇప్పటికీ తయారవుతోంది.

365 నానోమీటర్ల యూవీ టార్చి ఉన్నవాడైతే చీకట్లో దానితోనూ ఒక ఫొటో. కాగితం తెల్లని నీలంగా మెరిసిందంటే అందులో తెల్లదనానికి కలిపే రసాయనాలు ఉన్నాయి. అవి కాగితంలోకి వచ్చింది 1950 ప్రాంతం నుంచే. పాత కాగితం మెరవకుండా మసకగా, పసుపుగానే ఉంటుంది.

మీరు రాసిన "అంతటా ఒకేలా లేత గోధుమ రంగు" నాకు నచ్చలేదు. నిజంగా నాలుగు వందల ఏళ్లు అట్లాసులో ఉన్న కాగితం అంచుల్లో ముదురుగా, లోపల తేటగా ఉంటుంది, మడత దగ్గర ఇంకో తీరు. టీ నీళ్లలో ముంచిన నకలే సమానంగా పండుతుంది. నడిమి మడత వెనక, బైండింగుకు కుట్టిన సన్నని కాగితపు పట్టీ గానీ దాని జిగురు మరక గానీ కనిపించాలి. మడత అడుగున చిన్న చీలిక ఉన్నా పరవాలేదు, అట్లాసు తిప్పీ తిప్పీ అక్కడే చిరుగుతుంది. చీలికను సెల్లోటేపుతో అతికించి ఉంటే మాత్రం ధర తగ్గించమనండి.

రంగుకు ఒక్క గుర్తు చెప్తాను. అప్పటి ఆకుపచ్చలో రాగి ఉంటుంది. అది ఏళ్ల తరబడి కాగితాన్ని తింటుంది. అందుకే ముందువైపు పచ్చ గీత ఉన్నచోట, వెనక అదే ఆకారంలో గోధుమ రంగు మరక పడుతుంది. ముందు ఆకుపచ్చ ఉండి, వెనక మరక లేకుండా తెల్లగా ఉంటే రంగు కొత్తది. కొత్త రంగు వేసిన పటం నకలు కాదు, కానీ పాత రంగున్నదాని ధర పెట్టకూడదు.

చివరిగా, కూర్చున్న చోటే చేయగలిగేది. ఈ పటం లైబ్రరీ ప్రతులు పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి: డేవిడ్ రమ్సీ కలెక్షన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఫ్రాన్స్ వాళ్ల గాలికా. పక్కపక్కన పెట్టి చూడండి. గీతలు కలవడం మామూలే, ఒకే రేకు కదా. కానీ అమ్మేవాడి పటం మీద పురుగు రంధ్రమో మరకో లైబ్రరీ ప్రతిలో ఉన్నచోటే ఉందంటే, ఆ ప్రతి ఫొటో నుంచే ఇది పుట్టింది. కొలతలు మిల్లీమీటరుకు కలవకపోతే మాత్రం కంగారు పడొద్దు. కాగితం తడిపి అచ్చేసేవాళ్లు, ఆరాక ఒక్కో కాగితం ఒక్కో తీరుగా కుంచించుకుంటుంది.

60 వేలు ఈ పటానికి తక్కువ. తక్కువకు దొరకకూడదని లేదు. కానీ తక్కువ ధర, రెండే ఫొటోలు, వెనకవైపు మౌనం, ఈ మూడూ కలిసి వచ్చాయి.


పాతకాగితం_చిత్తూరు:

అసలుదా నకలా అనేది రాగిరేకు అన్న చెప్పేసినాడు. నేను కాగితం బాగోగులు చెప్తా.

మన దగ్గర ఎండాకాలం 40 దాటుతుంది, గాలి పొడిబారి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, గోడలు చెమర్చి ఉంటాయి. కాగితానికి వేడి ఒక్కటే శత్రువు కాదన్నా, ఈ ఊగులాటే శత్రువు. తేమ పీల్చి సాగుతుంది, ఎండి ముడుచుకుంటుంది. నాలుగు పక్కలా అంటించి పెడితే కదిలేదానికి జాగా లేక అలలు తేలతాది, కడాకు మడత దగ్గర చీలతాది. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు అట్లే ఉంటే బూజు మొదలు. మ్యూజియాలు 50 శాతం దగ్గర పెట్టుకుంటాయి, మన ఇండ్లల్లో అది కుదరదు. చిన్న డిజిటల్ తేమ మీటరు కొని పటం ఉండే గదిలో పెట్టండి, 65 దాటకుండా చూసుకుంటే చాలు. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపేసే గది కంటే, ఏసీ లేకపోయినా ఇంటి నడిమధ్య ఉండే గది మేలు.

ఇంక ఫ్రేమ్ సంగతి. తిరుపతిలో ఫ్రేము అంగళ్లకు కొదవ లేదు, స్వామివారి పటాలు లక్షల్లో కట్టినారు. ఆ పద్ధతి వేరే: హార్డ్‌బోర్డుకు బొమ్మను గమ్ముతో అంటిస్తారు, పైన అద్దం ఆనిచ్చి వెనక మేకులు కొట్టి టేపు వేస్తారు. ఏడాదికోసారి మార్చుకునే బొమ్మకు అది సరిపోతుంది. మీ పటానికి అట్లా చేస్తే హార్డ్‌బోర్డులోని ఆమ్లం కాగితంలోకి ఎక్కి పసుపు మరకలు వస్తాయి, వానాకాలంలో అద్దానికి కాగితం అతుక్కుంటుంది. పీకితే రంగు అద్దంతో పోతుంది. కాబట్టి అంగట్లో టేకు ఫ్రేము, గాడి లోతు కనీసం 2 సెం.మీ. ఉండేట్టు చేయించుకోండి. లోపలి పని మీరే చేసుకోండి.

లోపల వరస ఇది, ముందు నుంచి వెనక్కి. 3 మి.మీ. యూవీ అడ్డుకునే యాక్రిలిక్ షీటు. తర్వాత నూలు గుజ్జుతో చేసిన 4 ప్లై మౌంట్ బోర్డు, కిటికీలా కత్తిరించింది, ప్లేట్‌మార్క్ కనబడేట్టు చుట్టూ ఒక సెంటీమీటరు వదలండి. తర్వాత పటం. దాని వెనక అదే రకం బోర్డు ఇంకొకటి. అన్నింటికన్నా వెనక తెల్ల సన్‌ప్యాక్ షీటు, ఫ్లెక్సీ అంగళ్లలో దొరికేదే. అది పాలీప్రొపిలీన్, కాగితానికి హాని చేయదు, తేమను ఆపుతుంది. ఫ్రేము అడుగు మూలల్లో రబ్బరు బొడిపెలు పెట్టండి, గోడకూ ఫ్రేముకూ మధ్య సెంటీమీటరు గాలి ఆడాల. యాక్రిలిక్‌ను పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి, దుమ్మునూ లాగుతుంది.

పటాన్ని వెనక బోర్డుకు పట్టించేది రెండే రెండు హింజీలతో, పై అంచున. జపనీస్ టిష్యూ కాగితం 2 × 3 సెం.మీ. ముక్కలు రెండు. కత్తిరించొద్దు, తడి కుంచెతో గీత గీసి చించండి, పోగులు బయటికి రావాల. ముక్క కొన మాత్రం 5 మి.మీ. మేర పటం వెనక అంటుకోవాల, మిగతాది బోర్డుకు. కిందివైపు ఏమీ అంటించొద్దు, వేలాడనీండి.

జిగురు గోధుమ స్టార్చిది. మైదా కాదు. మైదాలో ఉండే గ్లూటెన్ పురుగులను పిలుస్తాది. ఒక వంతు స్టార్చికి నాలుగైదు వంతుల నీళ్లు పోసి, సన్న సెగ మీద కలుపుతానే ఉండాల, 20 నుంచి 30 నిమిషాలు. చిక్కబడి కాస్త పారదర్శకంగా అయినాక దించి, చల్లారనిచ్చి, సన్న జల్లెడలో రెండు సార్లు వడగట్టండి. వాడేటప్పుడు మజ్జిగ మాదిరి పలచన చేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి ఉంచొద్దు. ముఖ్యంగా ఒకటి: ఇక్కడి బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది రాగి ఉప్పు. ఆకుపచ్చ రంగు కాగితాన్ని తింటుందని పైన చదివినారు కదా, మైలుతుత్తమూ అదే పని చేస్తాది. ఫెవికాల్, సెల్లోటేపు, లామినేషన్, వీటి పేరే ఎత్తొద్దు.

పడమటి గోడకు తగిలించొద్దు, సాయంత్రం ఎండకు ఆ గోడ రాత్రి దాకా కాలతానే ఉంటాది. పూజగదికి, వంటింటికి దూరంగా ఉండాల. కర్పూరం, సాంబ్రాణి పొగ నూనె పొరలాగా పేరుకుంటాది, దాన్ని మళ్లీ తీయలేం.

ఫ్రేము కట్టకుండా దాచేవాటికి పాలిస్టర్ కవర్లు వాడండి, మైలార్ అంటారు. మామూలు ప్లాస్టిక్ ఫైళ్లు పీవీసీవి, వాటినుంచి ఆమ్లం వస్తాది. పరిచి పెట్టండి, చుట్ట చుట్టొద్దు. స్టీలు బీరువాలో, బయటి గోడకు ఆనకుండా, నేలకు పది సెంటీమీటర్లు పైన. నాఫ్తలీన్ ఉండలు, వేపాకు కాగితానికి తగలనీయొద్దు. వేపాకు తేమ పట్టి మరక చేస్తాది. తాళపత్రాల కట్టల్లో వస కొమ్ములు పెట్టే అలవాటు మనవైపు ఉంది, కావాలంటే గుడ్డ మూటలో కట్టి బీరువా మూల పెట్టుకోండి, కవరు లోపల కాదు. ఎట్లాగూ వెండిపురుగులను ఆపేది వస కాదు, మూడు నెలలకొకసారి తలుపు తీసి మీరు చూసే చూపే.


ఘంటసాల_రేవు:

ఏం కొనొచ్చన్న దానికి నా అభిప్రాయం. పరెర్గాన్ కంటే ముందు టోలెమీ పటాలతో మొదలుపెట్టండి, అందులోనూ ఒకే పటాన్ని వేర్వేరు కూర్పుల్లో.

టోలెమీ క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో సుమారు 8 వేల చోట్లకు అక్షాంశ రేఖాంశాలు రాసిపెట్టాడు. అచ్చులోకి వచ్చిన సంప్రదాయంలో 27 పటాలు: ప్రపంచానిది 1, యూరప్ 10, ఆఫ్రికా 4, ఆసియా 12. మనకు ఆసియా 10వది కావాలి, గంగకు ఇవతలి ఇండియా. 12వది తాప్రోబనే, అంటే శ్రీలంక. ఇండియాను చూస్తే తల తిరుగుతుంది. ద్వీపకల్పం దాదాపు లేదు, తీరం అడ్డంగా సాగిపోతుంది, పక్కన శ్రీలంక మాత్రం భూమధ్యరేఖకు అటూ ఇటూ పరుచుకుని మహాఖండంలా ఉంటుంది.

తెలుగువాళ్లకు ఈ పటంలో సరుకుంది. మైసోలియా అంటే కృష్ణా డెల్టా, మచిలీపట్నం సీమ. కొంటకోస్సిల ఘంటసాల, నాగార్జునకొండ శాసనంలో కంటకసేల అని వచ్చేది ఇదే. తిరుపతి కోసం వెతకొద్దు, లేదు. చిత్తూరువాళ్లకు ఒక తాయిలం ఉంది: "ఆర్కాటస్ రాజు నగరం సోరా" అని ఒక గుర్తు. దాన్ని ఆర్కాటుతో ముడిపెట్టిన పండితులున్నారు, సోరా చోళులకు గుర్తన్నవాళ్లూ ఉన్నారు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే కాబట్టి అమ్మేవాళ్లు దీన్ని కాస్త లాగుతారు, ధరలో కలపనీయకండి.

కూర్పుల సంగతి. 1482, 1486ల ఉల్మ్ చెక్క అచ్చులు మన జేబుకు అందవు. 1513 స్ట్రాస్‌బుర్గ్ కూర్పు, వాల్డ్‌సీముల్లర్‌ది, అదీ అంతే. దాన్ని చిన్నది చేసి లొరెన్జ్ ఫ్రీస్ వేసినవి 1522, 1525, 1535, 1541లలో వచ్చాయి, అప్పుడప్పుడు అందుతాయి. సెబాస్టియన్ మ్యున్‌స్టర్‌వి బాసెల్‌లో 1540 నుంచి 1552 దాకా. ఇవి చెక్క అచ్చులు కాబట్టి ప్లేట్‌మార్క్ ఉండదు, లేదని భయపడొద్దు. చెక్కలో ఊరి పేర్లకు లోహపు అక్షరాలు దిగేసేవారు, అందుకే ఒక్కోచోట పేరు వంకరగా, గీతలతో పొసగకుండా కనబడుతుంది.

మొదటి పటానికి నా ఓటు రుషెల్లి వేసిన టోలెమీకి. వెనిస్‌లో 1561, 1564, 1574, 1598–99 కూర్పులు. సుమారు 18 × 25 సెం.మీ., ఇంట్లో దాచడానికి సులువు, సాధారణంగా కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది. వీటిలో కూర్పు పట్టుకోవడానికి చక్కని కిటుకుంది. మొదట్లో ఒకే పెద్ద రాగి రేకు మీద రెండు పటాలు చెక్కారు, అందుకని ఆ అచ్చుల్లో ప్లేట్‌మార్క్ పై అంచు కాగితం బయటికి పోతుంది, పైన గాడి కనబడదు. 1574 కూర్పుకు రేకులను రెండుగా కోశారు. అప్పట్నుంచి గాడి నాలుగు వైపులా ఉంటుంది. వెనిస్ పటాలు రంగుల్లేకుండానే వచ్చేవి, రంగులతో కనబడితే దాదాపు ఎప్పుడూ తర్వాత పూసినవే. రంగు లేనిదే కొనండి.

మెర్కేటర్ టోలెమీ పటాలు చెక్కడంలో అన్నిటికంటే అందమైనవి, సుమారు 34 × 46 సెం.మీ. ఆ రేకులు 1578 నుంచి 1730 దాకా వాడారు. చివరి అచ్చుల్లో సన్న గీతలు అరిగి బూడిద రంగుకు తిరుగుతాయి. 1578 ధర పెట్టి 1730 కాగితం కొనకుండా నీడ గీతల పదును చూసుకోండి.

ఇంకా తక్కువలో కావాలంటే ద'ఆన్‌విల్ 1763 నాటి "ఆర్బిస్ వెటెరిబుస్ నోటుస్", దాని ఇంగ్లిష్ పునర్ముద్రణలు. తెలియనిచోట బొమ్మలతో నింపకుండా ఖాళీ వదిలే మనిషి ఆయన, చూడ్డానికి చప్పగా ఉంటాయి గానీ నాకు అందుకే ఇష్టం. 19వ శతాబ్దం ఇంగ్లిష్ క్లాసికల్ అట్లాసుల పటాలు ఉక్కు రేకు అచ్చులు, గీతలు వెంట్రుకంత సన్నం, చేతులు కాల్చుకోకుండా నేర్చుకోవడానికి బాగుంటాయి.

ప్యూటింగర్ పటం పేరు వింటారు. వియన్నాలో ఉన్న 11 తోలు ముక్కల అసలు పొడవు 6.75 మీటర్లు. రోమన్ రోడ్లన్నీ పట్టీలా సాగదీసి, తూర్పు కొసన కేరళ తీరపు పాత రేవు ముజిరిస్, పక్కన అగస్టస్ గుడి, "ఇక్కడ ఏనుగులు పుడతాయి" అన్న రాత. 1598లో ఆంట్వెర్ప్‌లో మొరేటుస్ నాలుగు కాగితాల మీద ఎనిమిది పట్టీలుగా అచ్చేశాడు. బజారులో "ఒరిజినల్ ప్యూటింగర్" అని తిరిగేవాటిలో 19, 20 శతాబ్దాల నకళ్లు చాలా ఎక్కువ. మొదట్లోనే దీని జోలికి పోవద్దు.


చంద్రగిరి_దుర్గం:

చట్టం గురించి క్లుప్తంగా.

పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు నూరేళ్లు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది, రాతప్రతులు, దస్తావేజులైతే 75 ఏళ్లు. సొంతానికి కొని ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, వ్యాపారంగా అమ్మితే కావాలి. రిజిస్ట్రేషన్ నోటిఫై చేసిన రకాలకే: శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు, చెక్కిన కలప. అచ్చు పటాలు ఆ జాబితాలో లేవు.

అసలు చిక్కు వేరే. దేశం బయటికి పురావస్తువు పంపడం కేంద్ర ప్రభుత్వమో దాని అధీకృత సంస్థో తప్ప ఎవరూ చేయకూడదు. అంటే పటం మీ చేతికొచ్చాక నకలు కాదు, అసలుదే, కాకపోతే నచ్చలేదు అనుకోండి, "30 రోజుల్లో వాపసు" అన్న హామీ మీకు అక్కరకు రాదు. మరమ్మతుకు విదేశానికి పంపడమూ అంతే. పైన చెప్పిన ఫొటోల తంతంతా డబ్బు పంపకముందే కావాలనడానికి ఇదే పెద్ద కారణం.

కస్టమ్స్‌లో నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకు 9706 అనే టారిఫ్ శీర్షిక (సుంకం లెక్కకు వాడే కోడ్) ఉంది, 2022 నుంచి 250 ఏళ్లు దాటినవాటికి అందులోనే వేరే ఉపశీర్షిక. మామూలు అచ్చు పటాలది 4905. కొరియరు వాళ్లు ఏది వేస్తే సుంకం దాన్నిబట్టి పడుతుంది. ఇన్వాయిసులో అచ్చు సంవత్సరం, "రాగి రేకు అచ్చు, అసలు ప్రతి, నకలు కాదు", కొలతలు, నిజమైన ధర, శీర్షిక నంబరు రాయించండి. బహుమతి అనో తక్కువ ధరో రాయించొద్దు. పార్సెల్ దెబ్బతింటే బీమా ఆ రాసిన ధరకే వస్తుంది. పార్సెల్ చుట్టగా కాకుండా రెండు గట్టి బోర్డుల మధ్య చదునుగా రావాలని ముందే చెప్పండి.

యూరోపియన్ యూనియన్ నియమాల్లో 200 ఏళ్లు దాటిన అచ్చు పటం 15 వేల యూరోలకు మించితేనే ఎగుమతి లైసెన్సు. మీది దాని దరిదాపుల్లో లేదు. ఆ దేశపు సొంత నియమాలు అమ్మేవాడే చూసుకోవాలి, ఆ మాట రాతలో తీసుకోండి.

దొంగ సరుకు విషయం కూడా. 2005లో యేల్ యూనివర్సిటీ లైబ్రరీలో పట్టుబడ్డ ఫోర్బ్స్ స్మైలీ అనే పటాల వ్యాపారి, లైబ్రరీల నుంచి 97 పటాలు కాజేసినట్టు ఒప్పుకున్నాడు. అందుకే వెనకవైపు లైబ్రరీ ముద్ర గీకేసిన జాడ, మడత వైపు బ్లేడుతో కోసినట్టు తిన్నని అంచు కనిపిస్తే, ఎక్కడినుంచి వచ్చిందో కాగితం అడగండి.


బైరాగిపట్టెడ_77:

అందరికీ ధన్యవాదాలు. అమ్మే ఆయన జవాబిచ్చాడు. వెనకవైపు అట్టకు అంటించి ఉందట, అందుకే ఫొటో పెట్టలేదట. వెలుతురుకు ఎత్తి చూపడం కుదరదన్నాడు.

ఇంకోచోట రుషెల్లి ఆసియా 10వ పటం కనబడింది. రంగుల్లేవు. వెనక ఇటాలియన్ వచనం ఉంది, ఫొటో పెట్టాడు. చెయిన్ లైన్లు కనిపిస్తున్నాయి. 1574 అని రాశాడు. పక్కనుంచి వెలుతురు వేసిన ఫొటోలో కిందా, ఎడమా, కుడీ గాడి ఉంది, పైన లేదు. రేవు గారు చెప్పిన లెక్కకు 1574తో పొసగడం లేదు. ఏమనుకోవాలి?


రాగిరేకు:

మొదటిది వదిలేయండి. అట్టకు అంటించిన పటాన్ని విడదీయడం నిపుణుడి పని, విడదీసేదాకా వెనకేముందో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి 60 వేలా!


ఘంటసాల_రేవు:

రుషెల్లి మాట: పైన గాడి లేకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, రేకు కోయకముందు అచ్చు, అంటే వెనక ఇటాలియన్ ఉంది కాబట్టి 1561 లేదా 1564. రెండు, పై అంచు ఎవరో కత్తిరించేశారు, గాడి దానితో పోయింది. రెండోదైతే 1574 కావచ్చు.

తేల్చుకోవడం తేలిక. పటం పై గీత నుంచి కాగితం అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి ఫొటో అడగండి. కింద గాడి చట్రం గీతకు ఎంత దూరంలో ఉందో అదీ కొలవమనండి. కింద 3 మి.మీ. దగ్గర గాడి పడి, పైన 15 మి.మీ. ఖాళీ కాగితం ఉండి కూడా గాడి లేకపోతే కత్తిరింపు కాదు, అమ్మేవాడే సంవత్సరం తప్పు రాశాడు. పైన 2 మి.మీ. మాత్రమే మిగిలి ఉంటే కత్తిరింపే. అంచు చేత్తో ఎత్తిన కాగితపు గరుకు అంచా, బ్లేడు అంచా కూడా దగ్గరి ఫొటోలో చూడండి, ఎగువ మూలలు రెండూ విడివిడిగా తీయమనండి. వెనక వచనం మొదటి వరుస, పేజీ నంబరు ఇక్కడ పెడితే 1561, 1564లలో ఏదో లైబ్రరీ ప్రతులతో సరిచూసి చెప్తాను.